చిప్ప బొగ్గు తాగిన మందు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి అత్తవారింట్లో మొదటి నెలలోనే బయటపడింది, అదీ గిన్నెడు పెరుగు దగ్గర.

ముక్తేశ్వరం అవతల, గోదావరి పాయ పక్కన, ఇసుక నేలలో ఉంటుంది మా అత్తగారి ఊరు. పెళ్లయ్యేనాటికే నేను అమలాపురంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. ఒకరోజు అత్తగారు చర్చిలో కూటానికి వెళ్లి రావడం ఆలస్యమైంది. పాలు కాచి ఉన్నాయి, తోడు గిన్నె ఎక్కడ పెట్టారో కనబడలేదు. పక్కింటికి వెళ్లి చెంచాడు పెరుగు అడిగి తెచ్చి, శుభ్రంగా తోడు పెట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ వచ్చి, సంగతి విని, ఆ పాల గిన్నె తీసుకెళ్లి గేదె కుడితిలో వంపేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమండీ అత్తయ్యగారూ, నేను చేసిన తప్పేంటండీ? పక్కింటివాళ్ల పెరుగు మనకి పనికిరాదా?" అని అడిగేశాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. పీట వాల్చి కూర్చోబెట్టారు. "కోప్పడకమ్మాయ్. ఆళ్ల పెరుక్కేం, బంగారంలాంటిదే. కానీ నా తోడు వేరు. పెళ్లయి నేను పడవెక్కుతుంటే మా అమ్మ చిన్న మూతగిన్నెలో పోసి నా ఒళ్లో ఎట్టింది. మా పుట్టింటి లంకని గోదారి కోసేసింది. ముందు కొబ్బరి తోట పోయింది, తరవాత మా ఇల్లు పోయింది, ఆకర్న మా అమ్మని పెట్టిన సమాధుల దొడ్డి కూడా పోయింది. ఒక్క ఫొటో అయినా లేదు నాకు. పేణంతో ఉన్నది ఇదొక్కటే."

నిన్నటి పెరుగులోంచి ఒక చెంచా ఇవాళ్టి పాలల్లోకి, ఇవాళ్టిది రేపటి పాలల్లోకి. కాన్పులకి వెళ్లినా, తుపానులో స్కూలు భవనంలో తలదాచుకున్నా ఆవిడ ఆ చెంచాడూ వెంట పట్టుకెళ్లారట. ఎన్నో ఏళ్ల కిందట, ఇప్పుడు భూమ్మీద లేని ఒక ఇంట్లో, ఒకావిడ వేసిన తోడు తెగకుండా నడుస్తూ నా కంచం దాకా వచ్చింది. నా కోపం ఎటు పోయిందో తెలియదు. సూక్ష్మజీవుల గురించి పాఠాలు చదివినదాన్నే, ఆ గిన్నె వైపు చూడటానికి మాత్రం భయంలాంటిది కలిగింది. ఆ తరువాత నేను దాని జోలికి పోలేదు.

ఇక బొగ్గు సంగతి. అది నా పుట్టింటిది. ఆలమూరు దగ్గర మా నాన్నగారికి ఇటుక బట్టీ ఉండేది. కాలేజీ లేబొరేటరీకి ఒకసారి సీసాలో నల్లటి పొడి వచ్చింది, యాక్టివేటెడ్ కార్బన్. కొబ్బరి చిప్పలతో తయారైందని సీసా మీదే రాసి ఉంది. అది చదివి నాకు తిక్క రేగింది. అంబాజీపేట నుంచి మా ఊరి దాకా ఎక్కడ చూసినా చిప్పల కుప్పలే. అవి ఎక్కడికో పోయి, సీసాలో దూరి, పెద్దమనిషిలా తిరిగొస్తాయా! మనం చేసుకోలేమా! ఆ వేసవి సెలవుల్లో కంసాలులు వాడే చిప్ప బొగ్గు బస్తా ఒకటి పట్టుకుని నాన్నగారి దగ్గరికి వెళ్లాను. బొగ్గుని ముక్కలు చేసి కుండల్లో పోసి, మూతికి మట్టి మెత్తి, ఆవిరి పోవడానికి సన్నటి బెజ్జం ఉంచి, ఇటుకల మధ్య పేర్పించమన్నాను.

"కాలిపోయిందాన్ని మళ్లీ కాలుస్తావేంటమ్మా, చోద్యం కాపోతే! ఎవరైనా వింటే నవ్విపోతారు," అన్నారు నాన్నగారు.

"నవ్వితే నవ్వనియ్యండి. ఇటుకలు కాలినన్నాళ్లూ ఇవీ కాలతాయి, మీకు పోయేదేముంది?" అన్నాను.

బట్టీ చల్లారాక తీస్తే కొన్ని కుండలు పగిలి, లోపల బూడిద తప్ప ఏమీ లేదు. నాన్నగారు నా మొహం చూసి నవ్వు ఆపుకున్నారు. మిగిలిన కుండల్లో బొగ్గు ఉంది. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది, రాల్చితే గలగలమంది. ఇటుకల్లోని చెమ్మ ఎర్రటి వేడిలో ఆవిరై, కుండ గోడల్లోంచి దూరి, బొగ్గుని లోపల్నుంచి తొలిచింది. అదే కావలసింది. మామూలు బొగ్గులో మూసుకుపోయి ఉన్న సందులన్నీ అలా తెరుచుకుంటాయి.

అక్కడే పంపు దగ్గర గాజు గ్లాసులో పెన్ను సిరా కలిపి, ఆ బొగ్గు గుప్పెడు వేసి కలియతిప్పి, గుడ్డలో వడగట్టాను. కిందికి నీళ్లు దిగాయి. నీలం లేదు. ఉత్త నీళ్లు. నాన్నగారు గ్లాసు ఎండకెత్తి చూశారు. ఇంకాస్త సిరా పొయ్యమన్నారు. పోశాను. మళ్లీ నీళ్లే.

"ఎక్కడికి పోయిందమ్మా అది?" అన్నారు, గొంతు తగ్గించి.

"బొగ్గులోనే ఉంది నాన్నగారూ. గోడలకి అంటుకుని ఉండిపోయింది. దీని లోపల గదులు, ఆ గదుల్లో మళ్లీ గదులు. ఈ గుప్పెడు బొగ్గు లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే మన బట్టీ ఉన్న చేను చాలదు."

పుస్తకంలో ఆ మాట ఎన్నిసార్లో చదివాను, పిల్లలకి చెప్పి పరీక్షలో రాయించాను కూడా. నా చేతికి మసి అంటుకుని ఉండగా, నాన్నగారు నోరు తెరుచుకుని చూస్తుండగా, ఆ మాట నాకు మొదటిసారి అర్థమైంది. మనం పొయ్యిలో పారేసే చిప్ప! లోపల అంత చోటు! ఆ రోజంతా నేను ఎవరితో ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. రెండు డబ్బాల బొగ్గు అత్తవారింటికి తెచ్చి అటక మీద పెట్టాను.

ఆ రోజుల్లోనే మా వైపు మంచినీటి రొయ్యల పిచ్చి మొదలైంది. వరిచేలు చెరువులయ్యాయి. మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, మా దొడ్డి వెనకే ఒక నర్సరీ పెట్టాడు. సముద్రపొడ్డు నుంచి గింజంత రొయ్య పిల్లల్ని తెచ్చి, దాన్ని సీడు అంటారు, సిమెంటు తొట్లలో కొన్ని వారాలు పెంచి, చెరువుల వాళ్లకి అమ్మడం వాడి పని. డిగ్రీ తప్పి, ఉద్యోగం రాక, నలుగురిలో తల దించుకుని తిరిగినవాడు, ఆ తొట్ల దగ్గర నిలబడితే మనిషే మారిపోయేవాడు. సీడు చావకుండా తొట్లలో యాంటీబయాటిక్ పొడి కలిపేవాడు. అందరూ కలిపేవారు. బ్యాచి వెళ్లిపోయాక తొట్టిలో నీళ్లు వెనక ఇసుకలో తవ్విన గుంటలోకి వదిలేవాడు. ఇసుక గుటుక్కున తాగేసేది.

ఆ ఎండాకాలం అత్తగారి పెరుగు తోడుకోవడం మానేసింది.

మొదట సాయంత్రానికి గట్టిపడాల్సింది మర్నాటి దాకా సాగింది. తరువాత తీగలు సాగింది. తరువాత పాలు పాలలాగే ఉండి, అదోరకం వాసన వేశాయి. అత్తగారు తోడు చాల్లేదేమోనని ఇంకాస్త వేశారు. ఎండుమిరపకాయ తొడిమలు వేశారు. గిన్నె బియ్యం డబ్బాలో దాచారు. గేదెకి మేత మార్చారు. చుట్టుపక్కలవాళ్లు దిష్టి అన్నారు, వడగాలి అన్నారు. తోడు వేసేటప్పుడు "ప్రభువా" అని ఒక్క మాట అనుకోవడం ఆవిడ అలవాటు, ఆ వారం ఆ మాట నాకు వంటింటి బయటికి వినబడింది.

"పాడైపోతందమ్మాయ్. నా చేతుల్లోనే పాడైపోతంది," అన్నారు ఒక మధ్యాహ్నం, తడి చేతులతో గిన్నె పట్టుకుని. అంతకుముందు ఆవిడ కళ్లలో నీళ్లు నేను చూడలేదు.

మా ఆయన ఊరుకోలేక పక్కింటి పెరుగు తెచ్చి, విడిగా వేరే గిన్నెలో తోడు వేయించారు. అదీ తోడుకోలేదు! అప్పుడు నాకు బుర్ర వెలిగింది. రెండిళ్ల తోడూ ఒకేసారి పాడవ్వదు. పక్కింటివాళ్లు మా గేదె పాలే పోయించుకుంటారు, వాళ్ల ఇంట్లో పెరుగు రాయిలా ఉంటోంది. అంటే పాలది కాదు, తోడుది కాదు. వాళ్లు పంచాయతీ కుళాయి నీళ్లు వాడతారు, మేం మా నుయ్యి వాడతాం. గేదె పాలు చిక్కనని అత్తగారు ధారాళంగా నీళ్లు కలిపి కాస్తారు.

రెండు గ్లాసుల్లో పాలు పోసి ఒకదాంట్లో నూతి నీళ్లు, ఒకదాంట్లో కుళాయి నీళ్లు కలిపి కాచి, పక్కింటి తోడే వేసి పెట్టాను. సాయంత్రానికి కుళాయి గ్లాసు తోడుకుంది. నూతి గ్లాసు పాలలాగే ఉండిపోయింది. కాచినా పోని మందేదో నూతిలో ఉంది. ఎండలకి నూతిలో నీరు అడుక్కి పోయింది, వచ్చే ఊటంతా వెనక గుంట వైపు నుంచే.

నేను అదే ఊపులో నర్సరీకి వెళ్లాను. "ఏవయ్యా మరిదిగారూ, నీ తొట్లో మందు మీ అమ్మ పెరుగులోకి వచ్చింది తెలుసా?"

వాడు నవ్వేశాడు. "ఊరుకోండి వదినగారూ. ఇంత నీటికి చిటికెడు మందేస్తాను. అది ఇసకలో దిగి, నూతిలో కలిసి, పాలల్లో కలిసి... మీ కాలేజీ పాఠాలు నా మీద ఎయ్యకండి. మందెయ్యకపోతే తెల్లారేసరికి తొట్టంతా తెల్లగా తేలిపోద్ది. మూసుకుని ఇంటికాడ కూచోమంటారా?"

మాటా మాటా పెరిగింది. నా గొంతు వీధిలోకి వినబడి ఉంటుంది. అత్తగారు పరుగులాంటి నడకతో వచ్చి నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్లిపోయారు.

"నువ్వు చెప్పింది నిజవే అయ్యుంటది. కానీ వాణ్ణేం అనకు. ఇన్నాళ్లకి నిలబడ్డాడు. వాడి నోటికాడ కూడు తీసి నా పెరుగు బతికించుకోనా? పోతే పోనీ."

"పోతే పోనీ అని మీరెలా అంటారండీ!" అని అరిచాను. ఆవిడ మీద అరవడం అదే మొదలు. ఆవిడ వెళ్లి, పాడైన ఆ పెరుగు గిన్నె మీద తడిగుడ్డ కప్పారు.

కుళాయి నీళ్లతో కాచిన మంచి పాలల్లో ఆ పాత తోడు చెంచాడు వేసి చూశాం. తోడుకోలేదు, తీగలు సాగింది. బలం పోయిన తోడుని కొత్త పాలల్లో పలచన చేస్తే, గాల్లోంచి వచ్చి పడే నానా రకాలూ దాన్ని మించిపోతున్నాయి. ఇంకోసారి వేశాం. అంతే. ఇక మిగిలింది అరగిన్నె. అది కూడా అయిపోతే లంకలో ఇల్లు పోయినట్టే.

ఆ అరగిన్నె ముందు కూర్చుని ఆలోచించాను. నర్సరీ మందు డబ్బా మీది పేరు పట్టుకుని కాలేజీ పుస్తకాల్లో వెతికాను. అది సూక్ష్మజీవుల్ని చంపే రకం కాదు, ఎదగనివ్వకుండా కట్టి పడేసే రకం. అంటే అత్తగారి తోడు చచ్చిపోలేదు! కదలలేక పడి ఉంది, అంతే. మందుని తీసేస్తే? గిన్నెలో ఉన్నదాన్ని పలచన చెయ్యకుండా, ఉన్నచోటే మందుని తీసేస్తే? సిరాని తాగింది, మందుని తాగదా?

అటకెక్కి డబ్బా దించాను. బొగ్గుని నీళ్లలో మరిగించి, కడిగి, మళ్లీ మరిగించి, పలచటి గుడ్డలో మూటకట్టాను. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"అందులో బొగ్గేస్తావా?"

"ఆయ్, వేస్తానండి."

"ఉన్నదదొక్కటేనమ్మా."

"తెలుసండి."

ఆ గిన్నె ఆవిడే నా చేతికిచ్చారు. గుమ్మడికాయంత ధైర్యం నటించాను. గిన్నెలో కాసిని గోరువెచ్చటి పాలు పోసి, మూట ముంచి, మెల్లగా తిప్పి వదిలేశాను. పాలు బూడిద రంగుకి తిరిగాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మధ్యాహ్నం ఎవరమూ సరిగ్గా తినలేదు. ఎండ వాకిట్లోంచి జరిగి కొబ్బరి మొక్కల మీదికి పోయాక అత్తగారు మూత తీశారు. గిన్నె కాస్త వంచారు. కదల్లేదు. ఇంకాస్త వంచారు. పెరుగు గిన్నెని అంటిపెట్టుకుని ఉండిపోయింది, మధ్యలో నల్లటి మూట ఇరుక్కుపోయి. ఆవిడ కిందే చతికిలబడిపోయారు. నేనూ కూర్చున్నాను. బాబోయ్, ఎంత వింత! కంటికి కనబడని మందు, కంటికి కనబడని ప్రాణులు, మధ్యలో ఒక చిప్ప బొగ్గు. మందుని లోపలికి లాక్కుని, ప్రాణాన్ని బయట వదిలిపెట్టింది. ఏది పట్టుకోవాలో దానికెవరు చెప్పారు? నేను చెప్పగలను, గదుల కొలతలు, గోడల స్వభావం, అన్నీ చెప్పగలను. చెప్పినా ఆ ఆశ్చర్యం తగ్గదు, నాకిప్పటికీ తగ్గలేదు.

ఆ గిన్నెలోది ఎవర్నీ తిననివ్వలేదు. అందులోంచి చెంచాడు కుళాయి నీళ్ల పాలల్లోకి, దాంట్లోంచి మర్నాడు ఇంకో గిన్నెలోకి మార్చాక, తెల్లటి పెరుగు వచ్చాక, అత్తగారు వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. "అదే," అన్నారు.

మరిదిని పిలిచి గ్లాసుల వరస చూపించాను. ఈసారి అరవలేదు. గుంట నీళ్లు కలిపిన గ్లాసు పాలలా ఉంది. అదే గుంట నీళ్లు బొగ్గులో వడగట్టి కలిపింది తోడుకుంది. వాడు రెండు గ్లాసులూ మార్చి మార్చి వంచి చూశాడు. తల్లి వైపు తిరిగి, "అమ్మా, నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు. ఆవిడ వాడికి మజ్జిగ కలపడానికి లోపలికి వెళ్లిపోయారు.

వాడు మొండివాడే గానీ, ఒకసారి నమ్మితే ఇంక ఆగడు. నాన్నగారి బట్టీకి తనే వెళ్లి, కుండలు పేర్చించి, బస్తాల బొగ్గు కాల్పించుకొచ్చాడు. పెద్ద డ్రమ్ములో అడుగున గులకరాళ్లు, పైన ఇసుక, ఆపైన బొగ్గు పోశాం. తొట్టిలో వాడిన నీళ్లు సన్నటి ధారగా డ్రమ్ములోంచి దిగి, కింద ఇంకో తొట్టిలో నిలవుండేవి. అక్కడ ఒక వాల్వు. అది తిప్పితేనే గుంటలోకి పోతాయి. తిప్పేముందు పరీక్ష చెయ్యాలి కదా, పెద్ద యంత్రాలు మా కాలేజీలోనే లేవు. మా యంత్రం అత్తగారు. కింది తొట్టిలోంచి గ్లాసుడు నీళ్లు తెచ్చి మరిది గట్టు మీద పెట్టేవాడు. ఆవిడ ఆ నీళ్లు పాలల్లో కలిపి కాచి, తన తోడులోంచి చెంచాడు వేసి పక్కన పెట్టేవారు. సాయంత్రం గిన్నె వంచితే కదలకుండా ఉండాలి. "ఆఁ, తిప్పుకో," అనేవారు. వాడు తిప్పేవాడు. నుయ్యి కడిగాక, మళ్లీ వానలు పడి అది నిండి, ఆ నీళ్లతో పెరుగు తోడుకున్న రోజున మా ఇంట్లో పండగే.

ఒక్కటి మాత్రం ఎవరమూ బయటికి అనుకోలేదు. గదులెన్ని ఉన్నా ఎప్పుడో నిండుతాయి.

మరుసటి వేసవిలో, ఒక సాయంత్రం, గిన్నె వంచితే పాలు కదిలాయి. నేను అక్కడే ఉన్నాను, మరిది గుమ్మంలో ఉన్నాడు. తెల్లారితే కొత్త సీడు లారీ వస్తుంది. తొట్లు ఖాళీ చెయ్యాలంటే ఇప్పుడే వాల్వు తిప్పాలి. బొగ్గు మార్చాలంటే ఆలమూరు వెళ్లి, బట్టీ కాలి చల్లారేదాకా ఆగాలి. ఆ బ్యాచి వదులుకుంటే ఆ ఏడాది వాడికి ఏమీ మిగలదు, అది ఆవిడకి తెలుసు. ఆవిడ తోడు అసలు గిన్నెలో భద్రంగానే ఉంది, దానికి ఢోకా లేదు. ఇది పరీక్ష గిన్నె. తోడుకుందని ఒక్క మాట అంటే చాలు, నేను కూడా అడ్డు చెప్పేదాన్నో కాదో.

"అమ్మా, ఈ ఒక్కసారికీ..." అన్నాడు వాడు.

ఆవిడ గిన్నె పట్టుకుని వాడి దగ్గరికి వెళ్లారు. వాడి కాళ్ల ముందు పూర్తిగా వంపేశారు. పాలు గడప మీదుగా వాకిట్లోకి పారాయి.

"తిప్పకురా."

"లారీ వచ్చేస్తంది అమ్మా."

"ఆ గుంట నీళ్లు మన నూతిలోకే కాదు, చుట్టుపక్కల నూతులన్నిట్లోకీ ఊరతాయి. తిప్పకు."

వాడు చెప్పులేసుకుని, లారీ వద్దని ఫోను చెయ్యడానికి సెంటరు వైపు వెళ్లాడు. వాడు వీధి మలుపు తిరిగేదాకా అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. తరువాత ఖాళీ గిన్నె కడిగి బోర్లించారు.

"అన్నం వార్చమ్మాయ్," అన్నారు నాతో. "పొద్దున్నుంచీ ఏం తిన్లేదు వాడు."